దోమతెర ఆఖరి మడత

ఇలా రండర్రా, ఇంకాస్త దగ్గరికి. ఆ గుమ్మంలో కూర్చుంటే సగం మాట గాలికే పోతుంది. చాప వేశాను, జరిగి కూర్చోండి. ఆ ఫోన్లు కాసేపు బోర్లించండి. ఇది మన బందరులో, చిలకలపూడి బెంజమిన్ ఇంట్లో జరిగిన సంగతి. గట్టిగా చెప్పేది కాదు, అందుకే దగ్గరికి రమ్మంటున్నాను.

బెంజమిన్‌ది రొయ్యపిల్లల హేచరీలో నీళ్ళ పని. సముద్రం నీళ్ళు తోడించడం, వడకట్టించడం, ఉప్పు చూసి తొట్లలోకి వదలడం. ఎంత సబ్బు రుద్దినా ఆ మనిషి ఒంటికి ఉప్పువాసన పోదు. భార్య హెప్సిబా ఇంట్లోనే రోల్డుగోల్డు దిద్దులకి రాళ్ళు అద్దుతుంది. వాళ్ళకి ఒక్కతే పిల్ల, బ్లెస్సీ. డిగ్రీ అయ్యాక అమ్మ పక్కన కూర్చుని తనూ రాళ్ళు అద్దేది.

వాళ్ళ హాల్లో గోడవారగా ఒక గాజు తొట్టి ఉంది. రంగుచేపలు తిరిగే తొట్టి అనుకోకండి, అది సముద్రపు తొట్టి. బెంజమిన్ డబ్బాల్లో మోసుకొచ్చిన ఉప్పునీళ్ళు, అడుగున రాళ్ళు, రాళ్ళ మీద ప్రాణమున్న పగడాలు. ఉంగరంలో పొదిగే పగడం గట్టిది. ఇవి మెత్తగా ఉంటాయి, పువ్వుల్లా విచ్చుకుంటాయి, బెదిరితే ముడుచుకుంటాయి. చొక్కా గుండీల్లా గుంపుగా ఉండేవాటికి గుండీ పూలని బ్లెస్సీయే పేరు పెట్టింది. తోలులా మందంగా ఉండి, వెలుగు పడగానే ఒళ్ళంతా వెంట్రుకలు విచ్చుకునేదాన్ని జుట్టుపోలమ్మ అనేది. చిన్నప్పుడు బడినించి రాగానే సంచీ భుజాన ఉండగానే తొట్టి ముందు గొంతుక్కూర్చునేది.

ఒకరోజు ఆ పిల్ల తొట్టి ముందు కూర్చుని, "నాన్నా, లైటు మసకేసింది. మార్చకూడదూ?" అంది.

లైటు మసకేయలేదు.

విజయవాడ తీసుకెళ్తే కంటి డాక్టరు వెలుగులు వేసి, కంటి వెనక పొర ఎండిపోతోందన్నాడు. అంచుల నించి లోపలికి వస్తుందనీ, మందు లేదనీ, ఎప్పటికి ఎంత పోతుందో చెప్పలేననీ అన్నాడు. చివర్లో, "వెలుతురు బాగా ఉన్నచోట కొన్నాళ్ళు కాస్త నయంగా కనపడొచ్చు" అన్నాడు. డాక్టరు చెప్పిందంతా అక్కడే వదిలేసి, బెంజమిన్ ఈ ఒక్క మాటే ఇంటికి పట్టుకొచ్చుకున్నాడు.

ఇంటికొచ్చి బట్టలైనా మార్చకుండా, పగడాలు అమ్మే వెంకటాద్రికి ఫోను చేశాడు.

"పెద్ద లైటు కావాలండీ. మీ దగ్గరున్న వాటిల్లో అన్నిటికంటే వెలుగొచ్చేది."

"లైటు ఇస్తాను బెంజమిన్ గారూ, కానీ ఒక్కసారే పూర్తి వెలుగు పెట్టకండి. ఇన్నాళ్ళూ నీడలో పెరిగిన జీవాలు. కాలిపోతాయి. తెల్లబడిపోయాయంటే మళ్ళీ రావు."

"మరెలాగండీ?"

"దోమతెర ఉందా ఇంట్లో? నాలుగు మడతలు పరవండి తొట్టి మీద. వారానికొక మడత తీయండి. ఏది పాలిపోయినట్టు కనిపించినా ఆగిపోండి, మడత మళ్ళీ కప్పేయండి. తొందర పనికిరాదు."

లైటు బస్సులో వచ్చింది. పలకలాంటిది, వెనక రేకు పక్కటెముకలు, వాటి మీద చిన్న ఫ్యాను. బెంజమిన్ ఆ ఆదివారం గుడినించి రాగానే పంచె ఎగగట్టి పనిలో దిగాడు. శ్లాబుకి బెజ్జాలు కొట్టి కొక్కేలు బిగించాడు. బిగించి, లైటు తగిలించాడనుకున్నారా? లేదు. ఒక్కో కొక్కేనికి నీళ్ళు నింపిన బకెట్టు వేలాడదీశాడు. మర్నాటిదాకా అలా వదిలేశాడు.

"ఇదేంటండీ, ఇల్లంతా బకెట్ల తోరణం!" అని హెప్సిబా నవ్వింది.

"లైటు ఊడి నీళ్ళలో పడితే నవ్వు రాదు. ఉప్పునీళ్ళలో కరెంటు ఎలా పాకుతుందో నాకు తెలుసు."

వైరు తిన్నగా ప్లగ్గులోకి పోనివ్వలేదు. కిందకి ఒక వంపు తిప్పి, మళ్ళీ పైకి తీసుకెళ్ళి బోర్డులో పెట్టాడు. వైరు మీద నీటిబొట్టు జారినా ఆ వంపు దగ్గరే కింద పడిపోవాలి, ప్లగ్గులోకి పోకూడదు. లైటుకి విడిగా బోర్డు పెట్టి, దానికొక సేఫ్టీ స్విచ్చి బిగించాడు. రవ్వంత కరెంటు దారి తప్పినా టక్కున పడిపోతుంది, మనిషిని పట్టుకోదు. నీళ్ళు తిప్పే మోటరుని మాత్రం ఇన్వర్టరు లైనులో ఉంచాడు. లైటు పోయినా పగడాలు ఒక పూట ఓర్చుకుంటాయి, నీళ్ళు ఆగితే ఊపిరాడక చస్తాయి.

హెప్సిబా ఆ స్విచ్చిని రెండుసార్లు నొక్కించి చూసుకుంది. "పిల్ల తడిచేత్తో తడుముతుంది. బాగా చూడండి" అంది.

"తడమడమెందుకే? చూస్తుందిగా!" అన్నాడు బెంజమిన్, విసుగ్గా.

 హెప్సిబా పీట లాక్కుని రాళ్ళు అద్దుకోవడానికి కూర్చుంది.

దోమతెర కత్తిరించి, చట్రానికి బిగించి, మడత మీద మడత పరిచి లైటు వేశాడు. తెరలోంచి వెలుగు పిండి జల్లెడ పట్టినట్టు దిగింది.

"ఎలా ఉందమ్మా?"

బ్లెస్సీ గాజుకి ముక్కు ఆనించింది. తల కాస్త ఇటు తిప్పి, అటు తిప్పి, కనపడే చోటు వెతుక్కుంది. "జుట్టుపోలమ్మ లేచింది నాన్నా! తలంటు పోసుకున్నట్టుంది" అని నవ్వింది. అది నిజంగా చూసి నవ్విన నవ్వే. మొదటి మడత తీసినప్పుడూ అలాగే చూసింది, గుండీ పూల నడుమ చుక్కలున్నాయని తనే కనిపెట్టి చెప్పింది. ఆ రెండు వారాలూ బెంజమిన్ హేచరీలో పాటలు పాడుకుంటూ పని చేశాడు.

ఆ రోజుల్లోనే బ్లెస్సీ స్నేహితురాలు కృష్ణప్రియ ఒక కబురు తెచ్చింది. విజయవాడలో చూపు లేనివాళ్ళకి నేర్పే చోటొకటి ఉందట. కర్ర పట్టుకుని రోడ్డు మీద నడవడం, చుక్కల అక్షరాలు వేళ్ళతో చదవడం, మాట్లాడే కంప్యూటరు మీద పని చేయడం నేర్పి, ఉద్యోగం దారి కూడా చూపిస్తారట. కొత్త బ్యాచి త్వరలోనే మొదలు.

బ్లెస్సీ అన్నం దగ్గర మెల్లగా ఎత్తింది. "నాన్నా, నేను వెళ్ళి చేరనా?"

బెంజమిన్ ముద్ద కంచంలో పెట్టేశాడు. "చూపున్నదానివి, నీకెందుకమ్మా ఆ కర్ర? లైటు పూర్తిగా పడనీ. అప్పుడు మాట్లాడుకుందాం."

"ఈ బ్యాచి పోతే మళ్ళీ చాలా నెలలంట."

"పోతే పోయింది. నా కూతురు కర్ర టకటకలాడించుకుంటూ కోనేరు సెంటర్లో నడవడం నేను చూడలేను."

చూడలేనిది ఎవరో చూశారా!  బ్లెస్సీ మజ్జిగ కోసం చెయ్యి చాపింది. చెయ్యి వెళ్ళిన చోట గ్లాసు లేదు. హెప్సిబా చప్పుడు కాకుండా గ్లాసుని ఆ చేతి కిందకి జరిపింది.

రెండో మడత తీసిన మర్నాడు, బెంజమిన్ డ్యూటీకి వెళ్ళేముందు చూస్తే గుండీ పూల అంచులు సున్నం పూసినట్టు పాలిపోయి ఉన్నాయి. ముట్టకుండానే ముడుచుకుపోయాయి. గబగబా చట్రం దించి, తీసిన మడత మళ్ళీ కప్పేశాడు. ఆ సాయంత్రం బ్లెస్సీ వచ్చి అతని పక్కన నిలబడింది.

"నాన్నా, అన్ని మడతలూ ఒక్కసారి తీసెయ్యకూడదూ? ఈ ఒక్క సాయంత్రానికి."

"అమ్మో! పాలిపోతున్నాయి కదమ్మా. ఇప్పుడు తీస్తే చచ్చిపోతాయి."

"ఒక్క గంట నాన్నా."

"వచ్చే నెలకల్లా అంతా తీసేస్తాగా. అప్పుడు తనివితీరా చూద్దువుగాని. తొందర పనికిరాదన్నాడు వెంకటాద్రి గారు."

ఆ పిల్ల గాజు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. "సరేలే నాన్నా. వాటికి నొప్పి కదా" అని లోపలికి వెళ్ళిపోయింది. బెంజమిన్‌కి పిల్ల బుద్ధి చూసి ముచ్చటేసింది. ఆ గొంతులో ఇంకేమైనా ఉందేమోనని ఆ పూట అతనికి తట్టలేదు.

తరవాత మడతలు జాగ్రత్తగా, ఒక్కొక్కటే తీశాడు. పగడాలు తేరుకున్నాయి. ప్రతి సాయంత్రం హేచరీ నించి రాగానే, "చూశావా బ్లెస్సీ, ఇవాళ ఈ మూల ఊదారంగు తిరిగింది" అని చెప్పేవాడు. బ్లెస్సీ, "అవును నాన్నా, ఊదారంగు" అనేది. లైటు వెనకున్న రేకు మీద అరచెయ్యి పెట్టి చూసేది. "ఏంటమ్మా అది?" అంటే, "ఎక్కువ కాలుతోందేమో చూస్తున్నా. సేఫ్టీ ముఖ్యం కదండీ బెంజమిన్ గారూ" అని అతని గొంతుతోనే వెక్కిరించేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

హెప్సిబా మాత్రం తెల్లవారుజామున లేచి, ముందురోజు బ్లెస్సీ అద్దిన దిద్దుల్ని ఒళ్ళో పోసుకునేది. ఎరుపుండాల్సిన చోట పచ్చ, పచ్చ ఉండాల్సిన చోట తెలుపు. చిమటాతో ఒక్కో రాయి ఊడదీసి, మళ్ళీ లక్క వేడిచేసి సరిగ్గా అద్దేది. పిల్ల లేచేసరికి అన్నీ పెట్టెలో సర్దేసేది. మొగుడికి చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఆ మనిషి ఇంట్లోకి రాగానే చెప్పులు విప్పకుండా తొట్టి దగ్గరికి పరిగెత్తుతుంటే ఏ నోటితో చెబుతుంది?

బ్యాచి వెళ్ళిపోయింది. ఇంకో బ్యాచికి పేరు రాయించమని కృష్ణప్రియ ఫోను చేస్తే, "లైటు పూర్తిగా పడనీ" అంది బ్లెస్సీ.

ఆఖరి మడత తీసేది శనివారమని తేలింది. కోడూరు నించి బెంజమిన్ అక్క జ్ఞానమ్మ దిగింది. గట్టి మనిషి, గట్టి గొంతు. ఏది జరిగినా ప్రార్థన పెట్టించందే ఆవిడకి నిద్ర పట్టదు. "దేవుడు పిల్లకి వెలుగిచ్చాడు. కృతజ్ఞతా కూటం పెట్టకపోతే ఎలారా తమ్ముడూ? పాస్టరు గారికి చెప్పేశాను" అంది. అన్నీ తనే చెప్పేసి, పులిహోరకి చింతపండు నానబెట్టేసింది.

"పిల్ల సాక్ష్యం చెబుతుంది" అని కూడా తేల్చేసింది.

బ్లెస్సీ మొహం ముడుచుకుంది. "నాకు రాదు అత్తా."

"రాకపోవడమేంటే? నిలబడి, దేవుడు చేసిన మేలు చెప్పడమే. ఇంత లైటు పెట్టి మీ నాన్న కష్టపడితే నాలుగు మాటలు చెప్పలేవా?"

బ్లెస్సీ తండ్రి గొంతు కోసం చూసింది. బెంజమిన్, "చెప్పమ్మా, నాకోసం" అన్నాడు.

ఆమాట అనకుండా ఉంటే బాగుండేదని ఆ తరవాత ఆ మనిషి ఎన్నిసార్లు అనుకున్నాడో!

శనివారం సాయంత్రం అందరూ రాకముందే బెంజమిన్ ఆఖరి మడత తీశాడు. తొట్టిలో వెలుగు నేలదాకా దిగి, ఇసుక మీద తెల్లటి గీతలు ఆడాయి.  బ్లెస్సీని భుజాలు పట్టి ముందు నిలబెట్టి, "చూడమ్మా, ఆకుపచ్చ అంచు, నడుమ నారింజ చుక్క. మీ అమ్మ అద్దే రాళ్ళలా లేవూ? జుట్టుపోలమ్మ చూడు, గాలికి వరిచేను ఊగినట్టు ఊగుతోంది" అన్నాడు. బ్లెస్సీ గట్టిగా ఊపిరి పీల్చి, "ఎంత బాగుంది నాన్నా" అంది.

హాలు నిండిపోయింది. ట్యూబులైటు వేశారు, చాపలు పరిచారు. జ్ఞానమ్మ కొడుకు అనిల్ కుమార్ గుడినించి కీబోర్డు, పాత స్పీకరు పెట్టె మోసుకొచ్చాడు. దగ్గరగా కనిపించిన బోర్డులో ప్లగ్గు గుచ్చేశాడు. ఆ బోర్డు లైటుదని అతనికెలా తెలుస్తుంది? రెండు పాటలు బాగానే సాగాయి. మూడో పాట మధ్యలో, అందరూ కళ్ళు మూసుకుని చప్పట్లు కొడుతుంటే స్పీకరు ఆగిపోయింది. పాత పెట్టె, లోపలెక్కడో కరెంటు కారుతున్నట్టుంది, బెంజమిన్ పెట్టిన సేఫ్టీ స్విచ్చి టక్కున పడిపోయింది. అనిల్ ప్లగ్గు పీకి అవతలి గోడ బోర్డులో పెట్టాడు. స్పీకరు పలికింది. పాట ఆగలేదు. పాట వెంటనే పాస్టరు గారు ప్రార్థన అందుకున్నారు. ఎవరూ కళ్ళు తెరవలేదు.

తొట్టి మోటరు గులగులమంటూనే ఉంది. లైటు మాత్రం ఆరిపోయి ఉంది.

"ఆమేన్" అన్నాక అందరూ కళ్ళు తెరిచే లోపే జ్ఞానమ్మ, "ఇప్పుడు మా బ్లెస్సీ సాక్ష్యం చెబుతుంది" అంది. బ్లెస్సీ లేచింది. పగలంతా మనసులో వల్లించుకున్నట్టుంది, తడబడకుండా తొట్టి పక్కకి వెళ్ళి, ఒక చెయ్యి గాజు మీద పెట్టి నిలబడింది.

"అందరికీ వందనాలు. నాకు చూపు తగ్గుతోందని తెలిసినప్పుడు మా నాన్న ఈ లైటు పెట్టారు. ఇవాళ ఆఖరి తెర తీశారు. ఇదుగో, మీరే చూడండి, ఎంత వెలుగుందో..."

బెంజమిన్ తలెత్తి చూశాడు. తొట్టి నల్లగా ఉంది. ట్యూబులైటు వెలుతురులో గుండీ పూలు మట్టిరంగు ముద్దల్లా ఉన్నాయి.

"...ఆకుపచ్చ అంచు, నడుమ నారింజ చుక్క, మా అమ్మ అద్దే రాళ్ళలా ఉన్నాయి. జుట్టుపోలమ్మ అయితే గాలికి వరిచేను ఊగినట్టు ఊగుతోంది. ఇవన్నీ చూడనిచ్చిన దేవునికి స్తోత్రం."

ఒక్కో మాటా తనదే. సాయంత్రం తన నోట్లోంచి వచ్చిందే. అతనికి ఒక్కసారి మొన్నటి ఊదారంగు, అటు మొన్నటి నీలిరంగు అన్నీ గుర్తొచ్చాయి. తను చెప్పాక "అవును నాన్నా" అనడమే తప్ప, ఆ పిల్ల తనంతట తను ఒక రంగు పేరు చెప్పి ఎన్నాళ్ళయిందో!

 జ్ఞానమ్మ, "ఒరే, ఆ లైటు..." అని నోరు తెరిచింది. హెప్సిబా పక్కనించి ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. నొక్కుతూ మొగుడి కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపింది. అప్పుడర్థమైంది బెంజమిన్‌కి, ఆవిడకి ముందే తెలుసని.

అనిల్ స్విచ్చి వైపు కదలబోయాడు. బెంజమిన్ చేత్తో ఆపాడు. లేచి నిలబడ్డాడు. "ఆమేన్" అన్నాడు. అతని వెనక అందరూ ఆమేన్ అన్నారు. పాస్టరు గారు కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. అంత గట్టి జ్ఞానమ్మా, వంటింట్లోకి పోయి పులిహోర గిన్నె ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

జనం వెళ్ళిపోయాక బ్లెస్సీ గోడ పట్టుకుని వచ్చి, అలవాటుగా లైటు రేకు మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"చల్లగా ఉంది నాన్నా."

బెంజమిన్ చాపలు చుట్టడం ఆపాడు.

"ఎప్పుడు పోయింది?"

"పాట మధ్యలో."

"నేను నిలబడకముందా?"

అబద్ధం చెప్పొచ్చు. నాలుక దాకా వచ్చింది కూడా. "ముందేనమ్మా" అన్నాడు.

ఆ పిల్ల అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. "అందరూ చూశారు. ఎవరూ నవ్వలేదే?"

"ఎందుకు నవ్వుతారమ్మా!" అతనూ పక్కన కూలబడ్డాడు. "ఎప్పణ్ణించి?"

"గుండీ పూలు పాలిపోతే నువ్వు మడత మళ్ళీ కప్పావే, ఆ వారం. ఆ సాయంత్రం కాస్త కాస్త మిగిలుంది. తరవాత పొద్దునా సాయంత్రమూ ఒకేలా అయిపోయింది."

"ఆ సాయంత్రం... నువ్వు అడిగావు. ఒక్క గంట అన్నావు."

"తీసినా ఆ గంటేగా నాన్నా. అవి చచ్చిపోతే నాకు అదే గుర్తుండేది."

బెంజమిన్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. చేతుల్లోంచి ఉప్పువాసన. "నాకెందుకు చెప్పలేదమ్మా? మీ అమ్మకి తెలుసు. నాకు చెప్పకూడదూ?"

బ్లెస్సీ తడుముకుని అతని మోకాలు పట్టుకుంది. "నీకు ఇంకా మూడు మడతలున్నాయి కదా నాన్నా. ఒక్కసారి ఎలా లాగేస్తాను?"

ఆ మాటకి అతను ఏడ్చాడు. పిల్ల ఏడవలేదు. వంటింటి గుమ్మంలో హెప్సిబా నిలబడి, ఇద్దర్నీ చూస్తూ పమిట కొస వేలికి చుట్టుకుంది. చాలాసేపటికి బెంజమిన్ లేచి స్విచ్చి పైకి ఎత్తాడు. తొట్టి ఒక్కసారి వెలిగింది. అతను మాత్రం రంగులేవీ చెప్పలేదు. "మోటరు చప్పుడు ఇవాళ కాస్త తేడాగా ఉందా అమ్మా?" అని అడిగాడు. బ్లెస్సీ చెవి ఒగ్గి విని, "ఏదో అడ్డం పడ్డట్టుంది. ఎడం పక్కన చూడు" అంది. చూస్తే నిజంగానే ఒక నాచుముక్క ఇరుక్కుని ఉంది.

కృష్ణప్రియకి మర్నాడు బెంజమినే ఫోను చేశాడు. కొత్త బ్యాచికి తీసుకెళ్ళేనాడు బందరు బస్టాండులో పామర్రు మీదుగా పోయే బస్సు కోసం నిలబడ్డారు. బస్సు రాగానే ఎప్పటిలాగే పిల్ల మణికట్టు పట్టుకుని లాగబోయాడు.

"అలా కాదు నాన్నా. నువ్వు పట్టుకుంటే నాకు మెట్టు తెలీదు. నీ మోచెయ్యి ఇవ్వు, నేను పట్టుకుంటాను. నువ్వు ఒక అడుగు ముందుండు, చాలు. ఫోన్లో అలాగే చెప్పారు వాళ్ళు."

బెంజమిన్ మణికట్టు వదిలేశాడు. మోచెయ్యి వంచి నిలబడ్డాడు.  బ్లెస్సీ గాల్లో ఒక్కక్షణం వెతుక్కుని, దాన్ని అందుకుంది.

ఇప్పటికీ ఆ ఇంటికి వెళ్తే ఆ తొట్టి ఉంది, లైటూ ఉంది. పగడాలు పిల్లలు పెట్టాయి. బెంజమిన్ దాని ముందు కూర్చోడు. హేచరీ నించి రాగానే పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని మోటరు చప్పుడు వింటాడు.

లేవకండర్రా, ఇంకొక్క మాట. రేపు మీరూ ఎవరికైనా చెబుతారు, చెప్పాలి కూడా. ఆ లైటు ఎంత బాగుందో మర్చిపోయినా పరవాలేదు. దీపం లేని తొట్టి పక్కన నిలబడి ఆ పిల్ల తండ్రి మాటల్నే తండ్రికి అప్పజెప్పిందే, అది మాత్రం వదలకండి. అక్కడికొచ్చేసరికి గొంతు తగ్గించండి. దగ్గరికి రమ్మని పిలిచి చెప్పండి.